రసనాచార్యుని గాజుకుప్పెలు

హేమకుంభ నగరానికి తూర్పు వాకిలి కట్టించిన రాజుకు ద్రాక్ష అంటే ప్రాణమట. పద్మరాగాలు తాపిన రెండు స్తంభాలు, వాటిని పెనవేసుకున్న బంగారు తీగలు, తీగల నిండా ఇంద్రనీలాల గుత్తులు, ఆ గుత్తులను ముక్కున కరచుకున్న మరకతాల చిలుకలు. శరత్కాలపు పొద్దుటెండ వాటిమీద పడితే చూసేవాడి కళ్ళు జిగేలుమనవలసిందే. శిల్పులు మాత్రం జన్మలో ద్రాక్షతోట మొహం చూసినవాళ్ళు కారు. గుత్తులన్నీ వంకాయల్లా ఉన్నాయి.

ఆ వంకాయల కిందినుంచి ఆ ఉదయం ఒక వింత పరదేశి నగరంలో అడుగుపెట్టాడు. తలపై నెమలి ఈకల పాగా, నేలను ఊడ్చే పట్టు అంగరఖా, ముక్కు కింద గుర్రపుతోక వెంట్రుకల మీసం. వెనుక ఒక భారీ మనిషి బండిచక్రమంత ముత్యాల గొడుగు పట్టుకొని, మొహం గంటు పెట్టుకొని నడుస్తున్నాడు.

"మీసం కుడివైపు జారుతోంది," అన్నాడు గొడుగు మనిషి పళ్ళ సందునుంచి.

"'ప్రభూ' అనలేదు మామా నువ్వు."

"మీసం జారుతోంది, ప్రభూ! పక్కతోట పిల్లని ప్రభూ అనాల్సొచ్చింది. నా ఖర్మ!"

ఆ పరదేశి అసలు పేరు తంగేడి. ఇంగలికొండ ఎగువతోట బయ్యన్న ఒక్కగానొక్క కూతురు. గొడుగు పట్టినవాడు దిగువతోట గంపన్న.

ఇంగలికొండ మీద పదకొండు కుటుంబాలకు పదకొండు ద్రాక్షతోటలు ఉన్నాయి. తాతల నాటి పందిళ్ళు, ప్రతి ఇంటి కిందా ఒక నేలమాళిగ, మాళిగలో వరసగా టేకు పీపాలు. గుత్తులు కోసేదీ ఇంటివాళ్ళే, తొట్లలో దిగి తొక్కేదీ ఇంటివాళ్ళే, పులిసే రసం పక్కన బాలింత పక్కన కూర్చున్నట్టు కాపలా కూర్చునేదీ ఇంటివాళ్ళే. ఆ పదకొండు ఇళ్ళకూ ఒక్క విషయంలోనే ఏకాభిప్రాయం కుదిరింది. తక్కిన పది ఇళ్ళ ఆసవం గేదెలు కడగడానికైనా పనికిరాదని.

దేశంలో ఒక పాత చట్టం ఉంది. ఏటా ఒక తోట వంతు. ఆ ఇంటిపెద్ద కళ్ళకు గంతలు కట్టుకొని రాజు ముందు నిలబడి, పదకొండు గిన్నెలు రుచి చూసి, తన ఇంటి ఆసవం ఏదో చెప్పాలి. చెబితే తోట అతనిది. చెప్పలేకపోతే తోట రాజుది. పంటంతా కోటలోని రాజపీపాలో కలిసిపోతుంది. వందేళ్ళుగా అదొక వేడుకే తప్ప పరీక్ష కాదు. కన్నబిడ్డ గొంతు పోల్చుకోలేని తండ్రి ఉంటాడా? అలాంటిది, రసనాచార్యుడనేవాడు ఆస్థాన రసజ్ఞుడై వచ్చిన ఈ ఆరేళ్ళలో ఆరుగురు పెద్దలు గిన్నెల ముందు గుడ్లప్పగించి నిలబడ్డారు. ఆరు తోటలు పోయాయి.

ఈ యేడు వంతు బయ్యన్నది. పరీక్షకు నాలుగు రోజుల ముందు రసనాచార్యుడు పల్లకిలో వచ్చి ఆశీర్వదించాడు. "నీ నాలుక వంశం పరిశీలించవలసి ఉన్నది, చాపుము," అని ఒక వెండి చెంచా ఆనించి వెళ్ళిపోయాడు. మర్నాడు బయ్యన్న ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకొని, "ఇదేం పెరుగన్నమా, అమ్మా?" అని అడిగాడు. తంగేడి నిర్ఘాంతపోయింది. ఆయన లేచి మాళిగలోకి దిగాడు. ఒక్కొక్క పీపా రుచి చూసి పైకొచ్చి గడపమీద కూలబడ్డాడు.

"నీళ్ళు, తంగేడీ. అన్నిట్లోనూ నీళ్ళే ఉన్నాయి."

నాలుకకు తగిలిన ఆ వెండి చెంచామీదే తంగేడికి అనుమానం. పరీక్ష రేపు మధ్యాహ్నం.

"నేనొచ్చింది బయ్యన్న కోసం కాదు," అన్నాడు గంపన్న, ఎవరూ అడక్కపోయినా. "వచ్చే యేడు వంతు నాది. అందుకని."

తంగేడి మీసం సరిచేసుకొని కోటలోకి నడిచింది.

కోట ప్రాంగణంలో రసగోష్ఠి జరుగుతోంది. వెండి ఆసనాలపై నలభైమంది ఆస్థాన రసికులు, మధ్య రత్నసింహాసనంపై ఘృతసేన మహారాజు. ఆయన పేరు తాతగారు పెట్టింది. ఆకారం ఆయన స్వయంగా సంపాదించుకున్నది. వారి వెనుక మూడు మిద్దెల ఎత్తున రాజపీపా, ఇనుపకట్ల మధ్య పొట్ట ఉబ్బించుకొని, నోరు ఆకాశానికి తెరిచి నిలబడి ఉంది. దాన్ని ఒరుసుకొని రసనాచార్యుని గోపురం.

ఒక రసికుడు గిన్నె పుచ్చుకొని, గుటక వేసి, కళ్ళు తేలేశాడు.

"ఆహా! వానలో తడిసిన ఐరావతపు ఎడమచెవి వెనుక పరిమళం!"

"కుడిచెవి, మహాశయా," అన్నాడు పక్కవాడు. "నిస్సంశయంగా కుడిచెవి."

మహారాజు ఇద్దరికీ తల ఊపాడు. ఆయన పక్కన తాటిచెట్టంత పొడవున, మెడలో ముత్యాల హారంతో, పాలిపోయిన వేళ్ళతో రసనాచార్యుడు నిలబడి ఉన్నాడు. తంగేడి తనను శంఖద్వీప రసజ్ఞుడు తుంబురదత్తుడిగా పరిచయం చేసుకోగానే ఆమె చేతికీ ఒక గిన్నె వచ్చింది.

నోట పడిన చుక్కతోనే ఆమెకు అంతా తెలిసింది. ఆరు తోటల పంట, ఆరు రకాల మడ్డి. ఎవడో పీపా కడగకుండానే కొత్త రసం పోశాడు. సగం పులిసి చెడింది, తక్కిన సగం చెడడానికి వంతు కోసం చూస్తోంది. ఘాటుకు ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయి. సభ అంతా ఆ కన్నీటిని చూసి ఊపిరి బిగబట్టింది. ఇక వెనక్కి తగ్గి లాభం లేదు.

"మహారాజా," అంది బొంగురు గొంతుతో, "దీనిని వర్ణించే పదం మీ భాషలో లేదు. మా ద్వీపంలో ఒక్కటున్నది."

"ఏమది? ఏమది?"

"మ్బూ."

అందరికంటే వృద్ధుడైన రసికుడు చివాలున లేచాడు. "మ్బూ! అదే! ఇన్నేళ్ళుగా నా నాలుక కొసన ఆడుతున్న మాట అదే!"

"మొదట చిన్న మ్బూ, ఆ వెనుక పెద్ద మ్బూ," అన్నాడు ఇంకొకడు.

"నాకు మొదటినుంచీ పెద్దదే తగిలింది," అన్నాడు మరొకడు ఈర్ష్యగా.

మహారాజు చప్పట్లు కొట్టాడు. ఆచార్యుడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. కంసాలి మేలిమి బంగారాన్ని చూసినట్టు ఆమె పెదవులవంక చూశాడు. ఆ చూపు కోసమే ఆమె అంతదూరం వచ్చింది.

"తుంబురదత్తా! ఇంతటి రసన మా దేశమునకు వచ్చుట మా భాగ్యము. నా గోపురమునకు విచ్చేసి, నా నిధిని తిలకింపుము."

గోపుర ద్వారానికి అటూ ఇటూ రెండు రాతి యాళులు కూర్చుని ఉన్నాయి. సింహపు మొహాలు, ఏనుగు తొండాలు, దూలాల వంటి పంజాలు. "పాదరక్షలు విడువుము," అన్నాడు ఆచార్యుడు. "లేనిచో ఇవి ఊరుకొనవు."

తంగేడి పై ప్రాణాలు పైనే పోయాయి. పదేళ్ళుగా ద్రాక్ష తొక్కిన పాదాలవి. ఏ సున్నిపిండికీ లొంగని ఊదారంగు మడమలదాకా ఎక్కి ఉంది. చేసేది లేక చెప్పులు విడిచింది.

"ఈ వర్ణమేమి?"

"మా ద్వీపంలో రాజరక్తం గలవారి పాదాలు పుట్టుకతోనే ఇలా ఉంటాయి."

ఆచార్యుడి చూపు గంపన్న పాదాలమీదికి పాకింది. అవీ ఊదారంగే. "నీ సేవకునివి కూడానా?"

"ఏం?" అన్నాడు గంపన్న గొడుగు దించి. "మా అమ్మ గురించి ఏమైనా అంటున్నారా?"

ఆచార్యుడు చిన్నగా నవ్వి మెట్లెక్కాడు. ఆ నవ్వు తంగేడికి నచ్చలేదు.

పైగది గుండ్రంగా ఉంది. నేలనుంచి కప్పుదాకా గంధపు చెక్క అరలు, అరల నిండా బొటనవేలంత గాజుకుప్పెలు. ఒక్కో కుప్పెలో ఒక్కో రంగు పొగమంచు మెల్లగా తిరుగుతోంది. ఒక దానిలో పసుపు, ఒక దానిలో పొన్నపూల తెలుపు, ఒక దానిలో వాన వెలిసిన సంజె కాంతి. కిటికీలోంచి పడే ఎండకు గోడలమీద ఇంద్రధనుస్సులు ఈదుతున్నాయి. ఆ అందమంతా ఎవరెవరి నోళ్ళనుంచి తెచ్చినదో తెలిసిన తంగేడి మాత్రం నాన్న కుప్పె ఏదా అని అరలు వెతికింది.

"నాలుకల భాండాగారము," అన్నాడు ఆచార్యుడు. "ఇదిగో, ఈ ఆకుపచ్చనిది కొత్తది. ఇంగలికొండ బయ్యన్నది. ఏ నెలలో వాన పడినదో ఆసవం చప్పరించి చెప్పగల రసన! రేపు అతడు గంతలు కట్టుకొని మంచినీళ్ళకూ ఆసవానికీ తేడా తెలియక నిలబడును." పై అరలో బంగారు మూత ఉన్న కుప్పెకు మాత్రం అతడు తన చేతిని అడ్డం పెట్టాడు. "అన్నీ చెప్పుచున్నాడేమని ఆశ్చర్యపడకుము. మరుక్షణం నీ రసనయూ ఇచ్చటనే ఉండును. రుచి పోయినవాని మాటను లోకం నమ్మదు. నాలుక చాపుము, ద్రాక్షతోట పిల్లా!"

వెండి చెంచా ఆమె మొహంమీదికి వచ్చింది. తంగేడి వెనక్కు వంగింది. గంపన్న గొడుగు కర్ర ఆచార్యుడి మోచేతికి ఫెడీమని తగిలింది. చెంచా గిర్రున తిరిగి, తిట్టడానికి తెరిచిన ఆచార్యుడి నోట్లోనే పడింది.

అతడు తీసి చూసుకున్నాడు. చెంచా పొడిగా ఉంది. దొంగిలించిన రుచి మంచులా పేరుకోవలసిన చోట ఒక్క బిందువు లేదు.

"నీకు రుచే లేదా?" అంది తంగేడి.

"పుట్టినప్పటినుంచీ లేదు," అన్నాడు రసనాచార్యుడు. తెచ్చిపెట్టుకున్న గొంతు పోయి ఎవరిదో చిన్నపిల్లవాడి గొంతు వచ్చింది. "మా అమ్మ పెట్టిన అన్నం కూడా..."

తంగేడికి ఒక్క క్షణం జాలి వేసింది. గంపన్నకు వెయ్యలేదు. "రుచే తెలీనోడివి ఆరేళ్ళుగా మా కష్టానికి వంకలు పెట్టావట్రా?" అని గొడుగు తిరగేసి అరలమీదికి దూకాడు. ఆచార్యుడు కెవ్వున మంత్రం పఠించాడు. కింద ద్వారం దగ్గర రాయి రాయితో ఒరుసుకొని రెండు యాళులూ లేచాయి. మెట్లు దడదడలాడాయి.

తంగేడి ఆకుపచ్చ కుప్పె పిడికిట బిగించింది. గంపన్న తిరగేసిన గొడుగులోకి అరలకు అరలే ఊడ్చేశాడు. ఒక కుప్పె జారి కిటికీ గట్టుమీద పగిలింది. నీలిపొగ సర్రున పైకి లేచి, దగ్గరలో తెరిచి ఉన్న ఒకే ఒక నోట్లోకి, రొప్పుతున్న గంపన్న నోట్లోకి దూరింది. అతడు గుటుక్కున మింగాడు. ధైర్యం కోసం నడుముకున్న సొరకాయ బుర్ర తీసి తన తోట ఆసవం ఒక గుక్క తాగాడు. మరుక్షణం అతని మొహం ముడుచుకుపోయింది.

"అమ్మాయీ... నా ఆసవం ఇంత పులుపా?"

"ఇప్పుడా మామా అడిగేది!"

"ఇరవయ్యేళ్ళుగా ఎవరూ చెప్పలేదేం?"

"అందరూ చెప్పారు! దూకు!"

మొదటి యాళి తొండం గదిలోకి దూరుతుండగా ఇద్దరూ గొడుగును పట్టుకొని కిటికీలోంచి దూకారు. కింద రాజపీపా నోరు తెరుచుకొని ఉంది. ధబ్బున పడ్డారు. బుడుంగున మునిగారు. పైకి తేలి, తిరగబడిన గొడుగును పుట్టి పడవలా పట్టుకొని ఎక్కారు. గంపన్న మూడు గుక్కలు మింగినట్టున్నాడు. నోట మాట రాక చేతులతోనే శాపనార్థాలు పెడుతున్నాడు.

యాళులకు ఆలోచించే అలవాటు లేదు. అవీ దూకాయి. రాతివి కనక తేలలేదు. తిన్నగా అడుక్కి పోయి చెక్కలు పగలగొట్టుకొని అవతల పడ్డాయి. ఇనుపకట్లు ఒకటొకటిగా ఠంగు ఠంగున తెగాయి. మూడు మిద్దెల ఆసవం ఒక్కుమ్మడిగా ప్రాంగణం మీద పడింది.

ఆ ప్రళయంలో నలభై వెండి ఆసనాలు దొర్లాయి, తిరిగాయి, ఒకదానినొకటి కొట్టుకున్నాయి. వృద్ధ రసికుడు మెడలోతు వరదలో కొట్టుకుపోతూ కూడా దోసిలి పట్టి, "ప్రవాహరూపమున మ్బూ!" అని మురిసిపోయాడు. గొడుగు పుట్టి సుళ్ళు తిరుగుతూ సింహాసనానికి గుద్దుకుంది. అందులోనుంచి బంగారు మూత కుప్పె ఎగిరి సింహాసనపు రత్నాలమీద భళ్ళున పగిలింది. కేకలు వేస్తున్న మహారాజు నోట్లోకి బంగారుపొగ దూరింది. దాని వెంటే వరదలోంచి ఒక పెద్ద గుక్క కూడా.

ఘృతసేనుడు మింగాడు. కళ్ళు పెద్దవయ్యాయి. తరువాత ఆయన చేసిన శబ్దం రాజులు చేసేది కాదు.

"థూ! థూ! ఏమిటీ మురికి?"

"మ్బూ, మహారాజా," అన్నాడొక రసికుడు వినయంగా.

"నీ మ్బూ మండా! ఆరేళ్ళుగా నాకు అన్నం మట్టిలా ఉంది, పాయసం మట్టిలా ఉంది, వయసు మీదపడిందేమో అనుకున్నాను. మీరంతా ఆహా ఓహో అంటున్నారు గదా అని నేనూ తల ఊపాను. దీనినా నాచేత తాగించారు? మీకెవ్వరికీ తెలియలేదా?"

నలభైమంది చూపులూ నలభై దిక్కులకు తిరిగాయి. వాళ్ళకు మొదటిరోజే తెలిసింది. వాళ్ళ నాలుకలను ఎవరూ దొంగిలించలేదు.

"అయ్యా మహారాజా," అని తంగేడి తలపాగా ఊడదీసింది. జుట్టు జారింది, మీసం ఎప్పుడో కొట్టుకుపోయింది. "నేను ఎగువతోట బయ్యన్న కూతుర్ని. మీ రుచిని దొంగిలించినోడే మా నాన్న రుచినీ ఎత్తుకుపోయాడు. ఇదిగో, ఇందులో..."

ఆమె చెయ్యి ఎత్తి ఆకుపచ్చ కుప్పెను చూపించింది. అదే ఆమె చేసిన తప్పు.

గోపురపు కిటికీలోంచి పందిరంత వెడల్పు రెక్కలతో ఒక రాబందు దూకింది. దాని మెడకు రసనాచార్యుడి ముత్యాల హారం ఇంకా వేలాడుతూనే ఉంది. గాలి ఈలవేసింది. గోళ్ళు ఆమె పిడికిటిలోంచి కుప్పెను లాక్కున్నాయి. తంగేడి ఆలోచించలేదు. ఎగిరి రాబందు కాలు పట్టుకుంది.

"తంగేడీ! వదిలెయ్యవే!" అని గంపన్న అరుస్తున్నాడు. అప్పటికే ఆమె కాళ్ళకింద కోట అరచేయంత అయింది. నగరం జరీ అంచు చీర ఆరేసినట్టు పరుచుకొని, వెంటనే వెనక్కి జారిపోయింది. తరువాత అడవి. తరువాత ఇసుక. ఆ తరువాత ఎండలో వెండిరేకులా మెరుస్తూ, ఏ ఒడ్డూ కనిపించని సముద్రం.

రాబందు కాలు విదిలించింది. ఊడలేదు. మెడ వంచి పొడిచింది. తంగేడి పక్కకు ఊగి, ఆ ఊపులోనే పైకి పాకి, రెండో కాలి గోళ్ళమధ్య ఉన్న కుప్పె మూతను పళ్ళతో పీకేసింది. ఆకుపచ్చ పొగ బయటికి తొంగిచూసింది. రాబందు ఆత్రంగా ముక్కు బార్లా తెరిచింది. అంతకంటే ముందు తంగేడి ఒక్క పీల్పున దాన్నంతా నోట్లోకి లాక్కొని పెదవులు బిగించింది.

ఆమె బుగ్గల్లో తండ్రి రుచి కదిలింది. ఇరవై ఏళ్ళ వానలు, పందిరి కింది ఎండ, ఎర్రమట్టి, పీపాల టేకు, తను పుట్టిన యేడు పండిన చిన్న నల్లద్రాక్ష, అన్నీ వేటికవే, గదుల్లో సర్దిపెట్టినట్టు. ఇంత తెలిసిన మనిషి గడపమీద కూర్చుని నీళ్ళు అన్నాడు. ఆమె కళ్ళు చెమర్చాయి.

మింగకూడదు. మింగితే గంపన్న మామకు పట్టినట్టు తనకే పట్టేస్తుంది. నోరు తెరవకూడదు. తెరిస్తే దగ్గరలో ఉన్న ఇంకో నోటిలోకి పోతుంది. ఆ దగ్గరి నోరు ఏదో ఆమెకు కనిపిస్తూనే ఉంది, మూరెడు పొడవున, కొక్కెంలా వంగి.

ఆ సంగతి రాబందుకూ అర్థమయింది. పొడవడం మానేసింది. రెక్కలు చాచి, సముద్రంమీద తాపీగా వలయాలు తిరగసాగింది.

"భయముగా ఉన్నదా, పిల్లా? ఒడ్డునకు చేర్చమని ఒక్కమాట అడుగుము. తక్షణమే దింపెదను."

తంగేడి తల అడ్డంగా ఊపింది.

"పోనీ, నీ పేరు చెప్పుము."

ఆమె ఊపిరి ముక్కుతోనే తీసింది. కింద ఏదో నల్లని వీపు నీళ్ళలోంచి లేచి మళ్ళీ మునిగింది.

రాబందు ఇంకొక వలయం తిరిగింది. ఆ తరువాత దాని గొంతు తేనెలో ముంచినట్టు మెత్తబడింది.

"సరే. ఒక సందేహం మాత్రం తీర్చుము. మీ ఎగువతోట ఆసవమునకు ఆ తీపి ఎచ్చటిది? మీ నాన్న చాటుమాటుగా పీపాలో బెల్లం కలుపునని ఊరంతా చెప్పుకొనుచున్నారు. నిజమేనా?"

తంగేడి మొహం కందగడ్డ అయింది. చెవులు మండాయి. గొంతులో నలభై మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పళ్ళదాకా వచ్చాయి. ఇంగలికొండ పుట్టిన తరువాత ఈ మాట విని నోరు మూసుకున్న మనిషి ఒక్కరూ లేరు. ఆమె బుగ్గలు పూరించుకొని, కళ్ళు గట్టిగా మూసుకొని, రాబందు కాలిని రెండు చేతులా ఇంకా గట్టిగా కరచుకుంది.

"వినిపించలేదా?" అంది రాబందు. "బెల్లం అంటిని."